వణుకుతూనే పడవ ఎక్కుతున్నాను

సహోదరులారా, సహోదరీలారా, మహదేవపూర్ అవతల గోదావరి ఒడ్డున నన్ను తాగుబోతు అనని మనిషి లేడు. మూడేళ్లపాటు తాగకుండా పడవలో కాలు పెట్టలేదు, అది మీ అందరికీ తెలుసు. ఎందుకు తాగానో మాత్రం మీలో ఒక్కరికీ తెలియదు, ఈరోజు ఈ మందిరంలో సాక్ష్యంగా చెబుతాను, నవ్వేవాళ్లు నవ్వండి.

వల విసిరేటప్పుడు వలతాడు మణికట్టుకు ముడివేసుకోవడం మనకు అలవాటు కదా, ఆ వానాకాలం నేనూ అలాగే వేసుకుని నిలబడ్డాను, వరద ఒక్కసారిగా వచ్చి వలను లాగింది, వల నన్ను లాగింది, ముడి ఊడలేదు, నీళ్లు మింగుతూ కొట్టుకుపోయాను, మా తమ్ముడు ఈదుకుంటూ వచ్చి తాడు కోశాడు కాబట్టి బతికాను. ఆ తర్వాత గోదావరిని చూస్తే చాలు, కాళ్లు వణికేవి. చేపలు పట్టే ఇంట్లో పుట్టి నీళ్లంటే భయమని ఎవరితో చెప్పుకోను? తాగితే వణుకు ఆగేది, అందుకే తాగాను. తాగుబోతు అంటే పడతాను గానీ పిరికివాడంటే పడనని నా పొగరు.

ఆ రోజుల్లోనే పట్నం నుంచి సరదాగా గాలం వేయడానికి వచ్చేవాళ్లు పెరిగారు, వాళ్లను పడవలో తిప్పే గైడ్లు కావాలని మన మత్స్య సంఘం నన్ను సముద్రతీరానికి శిక్షణకు పంపింది. గాలం కట్టడం, పట్టిన చేపను ప్రాణంతో తిరిగి వదలడం, నీళ్లలో పడినవాణ్ణి పైకి తేవడం నేర్పుతారు, పాసైతే పడవ కూడా ఇస్తారు. సంచి సర్దుతుంటే బట్టల కింద సీసాలు మా ఇంటామెకు దొరికాయి.

"ఒకరి పాణం నీ చేతుల పెడ్తరట, నీ చేతులేమో గిట్ల వణుకుతున్నయ్, నీకు భయమైతలేదా?" అంది. భయమే అని చెప్పలేక సంచి లాక్కుని వెళ్లిపోయాను.

అక్కడ నేను 'ఏంది', 'ఎట్ల' అంటే నవ్వారు, నవ్వనీ, నా మాట నాది. చివరి రోజు పరీక్ష ఏమిటంటే, అలలు దాటాక ఒకరు సముద్రంలోకి దూకుతారు, మనం దూకి అతన్ని పడవలోకి తేవాలి. నా వంతుకు దూకాల్సినవాడు పొద్దున టిఫిన్ దగ్గర తన ఇద్దరు పిల్లల ఫోటో చూపించాడు. నేను బాత్రూంలోకి వెళ్లి సీసా మూత తీశాను, తాగలేకపోయాను, అక్కడే మోకరించాను.

"ప్రభువా, నేను పిరికోన్ని. నీళ్లంటే నాకు భయమైతది. మూడేండ్ల సంది అందరి దగ్గర దాసిన, నీ దగ్గర గూడ దాసిన. ఇగ దాయ. జర నాతోని దిగు."

సీసా కుమ్మరించి, నేరుగా శిక్షకుడి దగ్గరికి వెళ్లి అందరి ముందు ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన నవ్వలేదు. "ఈ బ్యాచ్‌లో నిన్ను నీళ్లలోకి దింపనయ్యా. ముందు డాక్టరుకి చూపించుకో, మానేశాక మళ్లీ రా, నీ సీటు ఉంచుతాను," అన్నాడు.

పాసైన కాగితం లేకుండా ఇంటికొచ్చాను, ఫెయిలయ్యానని ఊరంతా చెప్పుకుని నవ్వారు. దవాఖానలో చేరాను, ఇంటామె మంచం పక్కనే కూర్చుని ప్రార్థించింది, దేవునికే మహిమ, ఆనాటి నుంచి చుక్క ముట్టలేదు. తర్వాతి బ్యాచ్‌కు వెళ్లాను, కాళ్లు వణికాయి, వణుకుతూనే దూకాను, మనిషిని పడవలోకి తెచ్చాను, పాసై పడవ తెచ్చుకున్నాను.

ఇప్పుడు గాలం వేయడానికి వచ్చే అతిథులు మందు తెస్తే, "సీసా అన్న దిగాలె, నేనన్న దిగాలె" అంటాను. కొందరు తిట్టి వెనక్కి పోతారు, పోనీ. తాగేవాళ్ల మధ్య ఆ పని నీకెందుకు, మానెయ్ అని మీలో పెద్దలు చెప్పారు. మానను. గోదావరిని దేవుడు నాకిచ్చాడు, సైతానుకు వదిలిపెట్టి ఇంట్లో కూర్చోను. భయం పోలేదు కదా, ఇదేం విడుదల అని ఇప్పుడు మీరు అడగొచ్చు. భయం ఉంది, దాన్ని దాచే పని లేదు, తాగే పని లేదు, నాకు ఈ విడుదల చాలు.

వెనక బెంచీలో మన మత్స్య సంఘం వాళ్లున్నారు, మా తమ్ముడు కూడా ఉన్నాడు. ఈ మాట వాళ్లకు ఇంతవరకు చెప్పలేదు. తమ్మీ, నాకు నీళ్లంటే భయం, ఇంటున్నవా?

మీలో ఎవరు ఏ భయానికి తాగుతున్నారో నాకు తెలియదు. దాని పేరు పెట్టి ప్రభువుకు చెప్పండి, ఆయన నవ్వడు, నాతో దిగినట్టే మీతోనూ దిగుతాడు, ఆయనకు నా స్తోత్రం. రేపు పొద్దున నా పడవకు ఇద్దరు అతిథులు వస్తున్నారు. కాళ్లు వణికితే వణకనీ, నేను ఎక్కుతాను. చూడాలనుకున్నవాళ్లు ఒడ్డుకు రండి.