బగారా లైనులో గ్యాసు వేగం

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ ఒక్క ఏడాది, మనకు తెలియనిది లోకంలో ఏదీ ఉండదు. నా పని ఒక రసాయనాల కంపెనీలో రియాక్టరు చూసుకోవడం. రియాక్టరంటే క్యాటలిస్టు గోళీలు నింపిన నిలువెత్తు గొట్టం. గ్యాసు అందులోంచి పోతూ, గోళీలను తాకి, మరో సరుకుగా మారి బయటికి రావాలి. మరీ వేగంగా పోతే వచ్చింది వచ్చినట్టే బయటపడుతుంది. మరీ నెమ్మదిస్తే లోపల ఒకచోట వేడి పేరుకుంటుంది. ఈ సంగతి తెలిశాక నాకు బస్టాండులో కూడా రియాక్టర్లే కనిపించేవి.

సరిగ్గా అప్పుడే వనపర్తిలో మా మేనమామ కూతురి పెళ్లి. మామ బగారా అన్నం, మటన్ వడ్డించే భోజనాల లైను నాకప్పగించాడు. "అల్లుడా, మగపెళ్లోళ్లు గద్వాలోళ్లు. ఒక్కరు గూడ తినకుండ పోవద్దు. నా ఇజ్జత్ నీ చేతుల పెడుతున్న" అన్నాడు. నేను రెండువైపులా తాళ్లు కట్టి, ఒక్క మనిషి పట్టేంత సన్నటి దారి చేసి, పొడవునా వడ్డించేవాళ్లను నిలబెట్టాను. జనం గ్యాసు, వడ్డించేవాళ్లు క్యాటలిస్టు. (పనంతా అయ్యాక కూడా క్యాటలిస్టు మొదట ఉన్నట్టే ఉంటుందని పుస్తకంలో ఉంది. మటన్ గిన్నె దగ్గరున్న మా చిన్నాయన మాత్రం, ముక్కలు రుచి చూస్తూ చూస్తూ, కొంచెం పెరిగాడు.)

దారి సన్నబడితే వేగం పెరుగుతుందని కంపెనీలో నాకు బాగా తెలుసు. పందిట్లో మర్చిపోయాను. వెనక తోపుకు జనం ఉరుకుతూ పోయారు; గరిటె లేచేసరికి ప్లేటు దాటిపోయేది. పెళ్లికొడుకు పెదనాయన ప్లేటులో ఒక్క నిమ్మచెక్కతో అవతల తేలాడు. మా కంపెనీలో మారకుండా బయటికొచ్చిన గ్యాసును మళ్లీ మొదట్లోకే పంపుతాం. నేనాయన చెయ్యి మర్యాదగా పట్టుకుని, తీసుకెళ్లి లైనులో అందరికన్నా వెనక నిలబెట్టాను.

"ఏందిది? పెళ్లికొడుకు పెదనాయనను మల్ల లైన్ల నిలబడమంటుండు! నడువుండ్రి, పోదాం" అని ఆయన ప్లేటు కింద పెట్టేశాడు.

మామ ఉరికొచ్చి, నన్నొక్క మాట అనకుండా, తాళ్లు తెంపేసి చాపలు పరిపించాడు. ఆయన్ను కూర్చోబెట్టి తానే వడ్డించాడు.

"బావా, పిల్లగాడు. గ్యాస్ కంపెనీల కొత్త నౌకరి. జర మాఫ్ చెయ్యి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఆడ గ్యాస్ గూడ గిట్లనే తినకుండ పోతదా?" అని అడిగి, ముద్ద కలిపాడు. మామ ఇజ్జత్ దక్కింది.

మొన్న నాగర్‌కర్నూల్‌లో ఒక పెళ్లిలో ఆయన కనిపించాడు. ఇప్పుడు చేతికర్ర వచ్చింది. బఫే ముందు ఆగి, "ఈడ లైను నీదేనా, పిల్లగా?" అన్నాడు. ఏ పెళ్లిలో కలిసినా అదే అడుగుతాడు.

"కాదు పెదనాయనా, నేను గూడ తిననీకె వచ్చిన" అన్నాను. అప్పుడుగాని ఆయన ప్లేటు అందుకోలేదు. ఆనాడు తాళ్లు కట్టి నిలబడ్డ నాలోని ఆ కుర్రాడు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది, వాడు కొంచెం ముద్దు కూడా వచ్చాడు. వెనకవాళ్లు తోయకుండా మోచేతులు అడ్డం పెట్టి, ఆయన వెనకే మెల్లగా నడిచాను.