బెఫూగద్: ఆధారమున్న ఆందోళన

నిశ్చయంగా తెలిసినవి రెండు. మలేసియాలో ఇపో శివార్లలోని మా రబ్బరు చేతితొడుగుల ఫ్యాక్టరీలో, క్లోరిన్ తొట్టి దగ్గర పనిచేసే పెద్దావిడకు, గాలిలో క్లోరిన్ ఎక్కువై దగ్గొస్తోందని అబద్ధపు ఫిర్యాదు చేసిందంటూ హెచ్చరిక లేఖ ఇచ్చారు. ఇంకొకటి వస్తే ఉద్యోగం పోతుంది. ఆ లేఖకు ఆధారం, ఇక్కడ గాలిలో క్లోరిన్ కొలిచే ఉద్యోగినిగా నేను సంతకం చేసిన పరీక్ష. ఆవిడ పని తప్పించుకోవడానికే దగ్గుతోందన్నది మాత్రం వట్టి క్యాంటీన్ మాట.

కొనుగోలుదారు తరఫున వచ్చిన స్వీడన్ తనిఖీదారు ఫిర్యాదు కాగితంలో ఆమె ఆందోళన గురించిన వాక్యం పక్కన ఒకే మాట రాశాడు: బెఫూగద్. అర్థం అడిగాను. తగిన కారణం ఉన్నది, అన్నాడు. భయం, అనుమానం, కోపం, విమర్శ వంటి వాటికి వాడతారట. నిఘంటువు తీసి సరిచూశాను, నిజమే. చేసేసిన పనిని మాటలతో సమర్థించుకోవడానికి వాళ్లకు రెట్‌ఫార్దిగ అని వేరే క్రియ ఉంది. బెఫూగద్ అనాలంటే కారణం ముందే ఉండాలి.

నా రీడింగు సున్నా. ఇక కారణమెక్కడిది? వెళ్లి ఆవిడనే నిలదీశాను.

"ఏటమ్మీ, తొట్టి ఆపేసినాక నీ మిసను అట్టుకొచ్చినావు. ఆకులెత్తేసినాక వచ్చి, విందే జరగనేదని రాసినట్టుంది లా!" అంది దగ్గుతూనే. మాట చివర ఆ 'లా' ఇక్కడివాళ్ల ఊతపదం.

రిజిస్టరు తీశాను. తొట్టి పంపు ఆపింది పదింటికి, నేను కొలిచింది పదిన్నరకు. తొట్టి నడుస్తుండగా కొలిస్తే పరికరం పాడవుతుందని మా దగ్గర ఆనవాయితీ. ప్రతి మాటకూ రుజువు అడిగే నేను దాన్ని రెండేళ్లు గుడ్డిగా పాటించాను.

రిజిస్టరు తీసుకెళ్లి చూపిస్తే సూపర్‌వైజరు నవ్వాడు. "అందరం అలాగే సేసినాం కదమ్మా. ఇప్పుడు కోపమేటి లా?"

"ఆమె ఊపిరితిత్తులు పాడైనా ఫరవాలేదు, పరికరం పాడవకూడదా?" అని అరిచాను. అతను నవ్వడం మానేశాడు.

మర్నాడు తొట్టి నడుస్తుండగా కొలిచాను. అంకె పరిమితి దాటింది, పరికరం చెక్కుచెదరలేదు. పాత ఫలితాన్ని ఉపసంహరించుకుంటూ రాసి సంతకం చేశాను. ఆవిడ లేఖ రద్దయింది. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను చెప్పబోతే, "ముందు ఆ తొట్టికి మూత ఎయ్యించు," అంది.

ఒక్కటే తేలలేదు: పరికరం పాడవుతుందని మొదట అన్నదెవరు? దానితో వచ్చిన పుస్తకంలో ఆ మాట లేదు. అడిగిన ప్రతివారూ ఇంకొకరు చెప్పారన్నారు. నేను ఎవరి నోట విన్నానో నాకే గుర్తు లేదు. విన్ననాడు నమ్మేశాను గనుక రాసిపెట్టుకోలేదు.