వీపు ఆనించిన ఆదివారం

మనిషి నిటారుగా నిలబడితే చాలు, మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయని నేను గట్టిగా నమ్మిన రోజులవి. మా తాతగారి దివాణం అప్పటికే చేతులు మారి సినిమా హాలై, ఆ హాలు కూడా మూతపడింది. మాకు మిగిలిందల్లా వెన్నెముక. (దాన్ని తాకట్టు పెట్టుకునేవాడు దొరకలేదు కాబట్టి మిగిలిందని మా అమ్మ అనేది.) ఆ వెన్నెముకతోనే రెండువేల దశకంలో ఢిల్లీ వచ్చి, నోయిడాలో ఉద్యోగంలో చేరి, ఆ పక్కనే ఉన్న వైశాలిలో ఒక గది తీసుకున్నాను. షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని కూడా సీటుకు వీపు ఆనించేవాణ్ణి కాదు.

పెద్దనాన్నగారి అమ్మాయి, అంటే మా అక్క, నాకు రెండు వీధుల అవతల ఒక్కతే ఉండేది. సైన్యంలో పనిచేసే బావ, కొండదారిలో ట్రక్కు లోయలో పడి చనిపోయాడు. కంటోన్మెంటులో క్వార్టరు ఖాళీ చేశాక అక్క ఇందిరాపురంలో ఒక స్కూల్లో టీచరుగా చేరింది. బావ పోయిననాడు ఆమె ఏడవలేదు. "నలుగురిలో ఏడవడం మన ఇంటా వంటా లేదమ్మా" అని పెద్దనాన్నగారు చెవిలో చెప్పారు. ఆ మాట ఎంత శ్రద్ధగా విన్నదంటే, ఆ తర్వాత నలుగురూ లేనప్పుడు కూడా ఏడవలేదు. కంచంలో అన్నం పెట్టుకుని, కాసేపు దాని ముందు కూర్చుని, లేచిపోయేది. నేను ఎదురుగా నిటారుగా కూర్చుని వాతావరణం గురించి మాట్లాడేవాణ్ణి.

అటువంటి అక్క ఆదివారాలు ఎక్కడో డాన్సుకు వెళ్తోందని కంటోన్మెంటులోని ఒక తెలుగు ఆంటీ ద్వారా ఊళ్ళో తెలిసిపోయింది. పెద్దనాన్నగారు ఫోన్ చేశారు. "ఏడాది తిరగలేదురా! నువ్వెళ్ళి మాన్పించు. మానకపోతే ఆ ఉద్యోగం వదిలించి నేనే తీసుకొచ్చేస్తాను." ఆయన అన్నంత పనీ చేసే మనిషి. ఆ ఉద్యోగం పోతే, అక్క పొద్దున్నే లేచి తల దువ్వుకోవడానికి ఉన్న ఒక్క కారణమూ పోతుందని నాకు తెలుసు. అయినా డాన్సు డాన్సే కదా! ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను.

ఇందిరాపురంలో ఒక అపార్టుమెంటు బేస్‌మెంటు అది. అక్కతో పనిచేసే బెంగాలీ టీచరు ఆ డాన్సు నడిపేది. అందరూ దీదీ అనేవారు. స్టెప్పులు నేర్పరు, అద్దాలుండవు, ఎవరికి తోచినట్టు వాళ్ళు కదలడమే. దీదీ నన్ను తలుపు దగ్గరే ఆపి, "భయ్యా, చెప్పులూ మాటలూ బయటే. ఇంకో రూలు, ఇక్కడ చూసేవాళ్ళుండరు, అందరూ ఆడేవాళ్ళే" అంది హిందీలో. నేను ఆడననీ, నిలబడతాననీ చెప్పాను. "ఠీక్ హై, అయితే నిలబడడమే ఆడండి" అని లోపలికి తోసింది. (మా వంశంలో ఎవరినీ బెంగాలీలు తోసిన దాఖలా లేదు.)

లోపల ఏదో పాట సాగుతోంది, పాతికమంది దాకా ఉన్నారు. కొందరు గాలికి ఊగుతున్నట్టున్నారు, కొందరు చీమలు కుట్టినట్టున్నారు. అక్క ఒక మూల కళ్ళు మూసుకుని, చేతులు కొంచెమే కదుపుతోంది. బావ పోయాక అక్కను అంత వదులుగా ఎప్పుడూ చూడలేదు. ఇంతలో దీదీ ఇద్దరిద్దరిని వీపులు ఆనించి కూర్చోమంది. చేతులు నేలకు తగలకుండా ఇద్దరూ కలిసి లేవాలి. నా వంతుకు రిటైరైన పంజాబీ అంకుల్ వచ్చాడు. ఎవరిమీదా ఆనుకోవడం నా ఒంట్లో లేదు. "అరే బేటా, వజన్ దో, నీ బరువు నామీద వెయ్యి!" అంటాడాయన, మాటలు బయట వదిలిన సంగతి మరిచిపోయి. నేను వెయ్యను. ఆయన ఒక్కడే లేవబోయి నన్ను కూడా పక్కకు పడేశాడు. "మనిషివా, కరెంటు స్తంభానివా?" అని మోకాలు రుద్దుకున్నాడు.

జతలు మారాయి. నా వెనక ఇంకో వీపు వచ్చి ఆనింది. పిట్టంత బరువు. "కదలకురా" అంది అక్క మెల్లగా.

నేను కదలలేదు. నాకు వచ్చిన విద్య అదొక్కటే. కాసేపటికి ఆ వీపు వణకడం మొదలైంది. వణుకు పెద్దదై శబ్దమైంది. ఆ శబ్దాన్ని ఇంతకాలం ఎక్కడ దాచుకుందో తెలియదు. ఎవరూ వచ్చి ఊరుకోమనలేదు. నీళ్ళు తేలేదు, కర్మ సిద్ధాంతం చెప్పలేదు. పాట సాగుతూనే ఉంది, లేచిన జతలు ఆడుతూనే మా చుట్టూ కొంచెం దగ్గరగా జరిగారు, అంతే. నా చొక్కా వెనక తడిసింది, నా చెమటో, ఆమెదో తెలియదు.

"లేద్దాం రా" అంది చివరికి. ప్రయత్నించాం. లేవలేకపోయాం.

"ఆనుకోరా. నీ బరువు నాకు కొత్తా? చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగాను."

కళ్ళు మూసుకుని ఆనుకున్నాను. ఆశ్చర్యం, ఇద్దరమూ లేచాం.

తర్వాత అందరూ గుండ్రంగా కూర్చుని, తోచిన ఒక్క మాట చెప్పాలట. అక్క బావ పేరు చెప్పింది. భర్త పేరు పలకని ఇంట్లో పుట్టిన మనిషి, అంత పొడుగు పేరూ ఇంటిపేరుతో సహా చెప్పింది. అందరూ దాన్ని తిరిగి పలికారు. పంజాబీ అంకుల్ నోట్లో అది చితికిపోయింది. బావ ఉంటే పడిపడి నవ్వేవాడు. అక్క నవ్వింది.

సాయంత్రం పెద్దనాన్నగారికి ఫోన్ చేశాను. "మాన్పించావా?" అన్నారు.

"లేదండీ."

"అసలేం చేస్తున్నార్రా అక్కడ?"

"ఇవాళ అక్క ఏడ్చిందండీ."

అవతల టీవీ కట్టేసిన చప్పుడు వినపడింది.

"నలుగురిలోనా?"

"పాతికమందిలోనండీ."

"గట్టిగానా?"

"గట్టిగానేనండీ."

"సరే. ప్రతి ఆదివారం నువ్వు తోడు వెళ్ళు" అని పెట్టేశారు.

వెళ్ళాను, కొన్నేళ్ళు. నేను చేసినదాన్ని డాన్సని ఎవరూ అనలేదు, నేనూ అనను. మొన్న మా వీధిలో ఎవరిదో పెళ్ళి ఊరేగింపు, బారాత్, బ్యాండుతో వెళ్తుంటే బాల్కనీలో నిలబడి చూశాను. నా భుజం ఊగిందని మా ఆవిడ ఇప్పటికీ వాదిస్తోంది. అది గాలికి చొక్కా కదలడమే. ఆ సాయంత్రం గాలి లేకపోతే నేనేం చెయ్యను?