ధనశ్రీ ఎక్కిన పడవ

జాలరిపేటలో పుట్టి పెరిగిన ధనశ్రీకి ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా పడవ ఎక్కడమంటే ఏమిటో తెలియదు. నవ్వకండి. ఆ పేటలో ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు, ఎండబెడతారు, బేరం దగ్గర ఎంతటివాడి నోరైనా మూయిస్తారు. తెప్ప మీద మాత్రం కాలు పెట్టరు. పెడితే గంగమ్మకు కోపం వస్తుందట. వాళ్ళ అయ్య తాతబాబుకు ఈ విషయంలో మరీ పట్టుదల. చిన్నప్పుడు తెప్ప ఎక్కుతానని ఇసకలో పడి దొర్లి ఏడ్చిన పిల్లకు మరమరాల మురీ మిక్చరు కొనిపెట్టాడు గానీ, ఎక్కించలేదు.

ఎక్కనివ్వని కొద్దీ పిల్లకు సముద్రం మీద మోజు పెరిగింది. వలలో వచ్చిన పీతల్ని బకెట్లో వేసుకుని గంటల తరబడి చూసేది. ఆ పిచ్చే డిగ్రీ చదివించింది, ద్వారకా నగర్ కోచింగు సెంటర్ల చుట్టూ తిప్పింది, చివరికి స్కాలర్‌షిప్పు మీద పోర్చుగల్ పంపి సముద్ర జీవశాస్త్రంలో చేర్పించింది. అక్కడ మొదటి వారమే పడవ ఎక్కాల్సి వచ్చింది. తోటి పిల్లలు చకచకా ఎక్కేశారు. చేపలు పట్టేవాళ్ళ పిల్ల మాత్రం ఒడ్డున కొయ్యబారిపోయింది. లోపల్లోపల గంగమ్మకు దండం పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఎక్కేసింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం, "అంతా ల్యాబులోనే అయ్యా" అంది. నిజం తెలిస్తే అయ్య మనసు విరిగిపోతుందని ఆమె భయం.

సెలవులకు ఇంటికొచ్చిన మర్నాడే గుట్టు రట్టయింది. అమ్మ దుర్గ కూతురి ఫోన్లో ఫొటోలు చూస్తూ, "ఓలమ్మో, ఇదేటే, పడవ మీదున్నావు!" అని వీధంతా వినపడేలా అరిచింది. అన్నం తింటున్న తాతబాబు తొంగిచూశాడు. లైఫ్ జాకెట్టు తొడుక్కుని, పడవ అంచున కూర్చుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న కూతురు. కంచంలోనే చెయ్యి కడిగేసుకుని ఒడ్డుకు వెళ్ళిపోయాడు.

ధనశ్రీ ప్రాణం ఉసూరుమంది. వెనకే పరుగెత్తింది. అయ్య తిడితే పడుతుంది. మాట్లాడటం మానేస్తే మాత్రం తట్టుకోలేదు.

"కోపమొచ్చిందా అయ్యా?"

తాతబాబు వల విదిలిస్తూ తలెత్తలేదు. "ఆ పడవకేటైనా అయినాదా?"

"ఏటీ అవనేదు."

"సేపలు పడినాయా?"

"పడినాయి. కొలిసి, లెక్కెట్టి, మళ్ళీ సముద్రంలో ఒగ్గేసినాం."

"ఒగ్గేసినారా!" పాపం, కూతురు పడవ ఎక్కిందన్న దానికంటే ఈ మాటకే ఎక్కువ అదిరిపడ్డాడు. కాసేపటికి తేరుకుని, వల కింద పెట్టాడు.

"నీ మీద కోపం కాదే గుంటా. పుట్టినకాడి నుంచి సముద్రం మీదే బతుకుతన్నాను. నా కూతురికి నడిసముద్రం సూపించింది ఎవలో పైదేశపోళ్ళా? ఇన్నాళ్ళూ నానేటి సేత్తన్నాను?"

ధనశ్రీ ఏడ్చేసింది. తాతబాబు పక్కనే ఉన్న తన తెప్ప అంచును తాకి కళ్ళకద్దుకుని, గంగమ్మతో ఏదో గొణిగాడు. ఒడ్డున ఉన్న మగవాళ్ళంతా కళ్ళప్పగించి చూస్తున్నారు.

"ఎక్కు," అన్నాడు కూతురితో. "బేగి ఎక్కు. మీ అమ్మ సూసిందంటే అదీ ఎక్కుతానంటాది."

అని, ఇంటివైపు చూశాడు.

"పోనీలే," అన్నాడు, "దాన్నీ కేకెయ్యి."