కట్టు విప్పిన కాలు

కట్టు విప్పిన రోజు మా అన్నయ్య కాలు చూసి ఏడవలేక నవ్వాను. పంతొమ్మిది వందల ఇరవైల్లో సంగతి. ఆ ఏడు వానాకాలంలో రంగూన్ జెట్టీ దగ్గర, పడవకి వేసిన తడి బల్ల మీంచి బస్తాతో సహా జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముకలు కట్టే ముసలాయన వెదురుబద్దలు వేసి కట్టాడు. ఎముక చక్కగా అతుక్కుంది. కానీ బస్తాలు మోసి మోసి గట్టిపడిన ఆ పిక్క ఏమైపోయిందో! రెండో కాలి పక్కన అది పసివాడి కాలులా ఉంది. కండ ఒకసారి వచ్చాక ఇక మనదే అనుకునేదాన్ని. వాడకుండా ఉంచితే ఒళ్ళు దాన్ని చెప్పాపెట్టకుండా లాగేసుకుంటుందని అప్పుడే తెలిసింది.

నాన్న పోయాక మాకు అన్నయ్యే ఆధారం. రంగూన్‌లోని పబేడాన్ పేటలో మేమున్న మూడో అంతస్తు గది కూడా ముఠాదే. ముఠా అంటే ఒకే మేస్త్రీ కింద బస్తాలు మోసే మనవాళ్ళ గుంపు. మేస్త్రీ మంచివాడే గానీ, పడిపోయిన మనిషి జాగాని ఎన్నాళ్ళని ఖాళీగా ఉంచుతాడు?

"ట్వంటే కాలవలోంచి కొత్త ధాన్యం పడవలొచ్చీదాకా సూత్తాను. అప్పటికీ ఈడు బల్లెక్కలేకపోతే ఇంకోడ్ని ఎట్టుకోవాల. మీరు ఓడెక్కీయండి" అన్నాడు.

ఓడెక్కి ఎక్కడికి పోతాం? సముద్రానికి అవతల మా ఊళ్ళో మాకు గుడిసె కూడా మిగల్లేదు.

అమ్మ తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టింది. పొద్దునా సాయంత్రం నువ్వులనూనె మర్దనా చేసి, "కాలు కింద ఎట్టకురా నాయనా" అని మంచం దిగనిచ్చేది కాదు. కాలు ఇంకా చిక్కింది. మేస్త్రీ వచ్చి చూసి మా మెట్ల వైపు చెయ్యి చూపించాడు. "మందు గుమ్మంలోనే ఉంది కదేటి. ఎక్కించండి."

అన్నయ్య గోడ పట్టుకుని ఎక్కేవాడు. కాలు గజగజ వణికేది. వెనకాల నేను నీళ్ళ బిందెతో, పడితే ముందు బిందె వదలాలా వాణ్ణి పట్టుకోవాలా అనుకుంటూ వచ్చేదాన్ని. వణుకు కాస్త తగ్గేసరికి మనిషికి ఆశ పుట్టింది. మావాడికి ఏది పట్టుకున్నా అతే. తెల్లారింది మొదలు దీపాలు పెట్టేదాకా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు, చివరికి భుజాన బియ్యం మూట కూడా పెట్టుకుని. మర్నాడు మోకాలు వాచిపోయి వంగనంది. అమ్మ శోకాలు, నా తిట్లు. మేస్త్రీ మాత్రం నవ్వాడు.

"మోసిన్నాడు కండ పెరగదురా. మోసి తొంగున్నాక పెరుగుతాది. వాపు తగ్గనీ. తర్వాత ఒక రోజు ఎక్కు, ఒక రోజు నోర్మూసుకోని తొంగో."

పడుకుంటే కండ పెరుగుతుందా, పొట్ట పెరుగుతుంది గానీ అనుకున్నాను. కానీ కళ్ళెదుట జరుగుతుంటే ఏమనను? ముందురోజు రెండో అంతస్తులో మొరాయించిన కాలు, ఒక రోజు ఊరికే పడుకుని లేచాక మూడో అంతస్తు ఎక్కేది. పొద్దున్నే దుప్పటి తొలగించి వేలితో పిక్క నొక్కి చూసేదాన్ని. వాడు నోరు తెరుచుకుని గురక పెడుతుంటే, లోపల ఎవరో ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ పోయినట్టు రోజురోజుకీ గట్టిపడుతోంది. ఏ మేస్త్రీ పెట్టాడు ఈ పనివాళ్ళని?

కాలు ఒక్కటే కాదు. అన్నం రెండింతలైంది. మొదట్లో పైకొచ్చి కూలబడ్డాక గానీ చెమట పట్టేది కాదు, అంతదాకా ఒళ్ళు నిప్పులా కాలేది. పోను పోను నాలుగు మెట్లు ఎక్కగానే నుదురు తడిసేది, రాబోయే వేడి ముందే తెలిసిపోయినట్టు. ఉప్పు వేసిన తరవాణి ముంతెడు తాగి మళ్ళీ దిగేవాడు.

పడవలు రానే వచ్చాయి. మొదటిరోజే అన్నం పట్టుకుని నేనూ అమ్మా జెట్టీకి వెళ్ళాం. పడవ నుంచి జెట్టీకి వేసిన బల్ల అడుగడుక్కీ ఊగుతుంది. అది పైకి లేచేటప్పుడే వరసలో అందరి కాళ్ళూ లేవాలి. ఒక్కడు అడుగు తప్పితే వెనకాలవాళ్ళూ నదిలోనే. మేస్త్రీ అన్నయ్యని చివర కాదు, సరిగ్గా వరస మధ్యలో నిలబెట్టాడు. వెనకున్నవాళ్ళు ఒకసారి ఆ కాలు వైపు చూసి వరసలో నిలబడ్డారు. ఇద్దరు బస్తా ఎత్తి వాడి వీపున వేశారు. బల్ల లేచింది. ఆ కాలూ లేచింది. బల్ల దిగింది, ఆ కాలూ దిగింది. వాడు జెట్టీ మీదికి చేరాడు. మేస్త్రీ మెచ్చుకోలేదు, ఇంకో బస్తా చూపించాడు. అమ్మ ఉన్నచోటే కూలబడి కళ్ళు తుడుచుకుంది.

అన్నాల వేళకి వచ్చి మా పక్కన కూచున్నాడు. నేను వీపు మీద చెయ్యి వేశాను. లోపల గుండె దబదబా బాదుకుంటోంది.

"ఏటే?"

"బతికున్నావో లేదో సూత్తన్నాను."

నవ్వాడు. నా అరచేతి కింద ఆ దడ తగ్గసాగింది. కట్టు విప్పిన కొత్తలో ఒక అంతస్తు ఎక్కితే, పొయ్యి మీద అన్నం ఉడికేదాకా విసనకర్రతో విసిరినా నిమ్మళించని గుండె అది. ఇప్పుడు నేను గిన్నె మూత తీయకముందే, ఎవరూ చెప్పకుండానే, తన నడకలోకి తను వచ్చేసింది. ఓడెక్కక్కర్లేదని నాకు అరచేతిలోనే తెలిసింది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

"ఆకలేత్తంది, అన్నం ఎట్టవేటే" అన్నాడు అన్నయ్య.