వేటకు ముందు అంటించిన చేపలు

ఆ అమ్మాయి సముద్రం ఒడ్డున ఉన్న మా బడిలో టీచరుగా చేరిన రోజు నేనే దగ్గరుండి అన్నీ చెప్పాను. టెక్కలిలో ఏ బస్సు ఎక్కితే ప్రార్థన వేళకి చేరుకోవచ్చో, పడవలు ఒడ్డుకి వచ్చే వేళ తల్లుల్ని మీటింగుకి పిలిస్తే ఎందుకు ఒక్కరూ రారో, తుపాను కబురు రాగానే పిల్లల పుస్తకాలు పాలిథిన్ సంచుల్లో కట్టి బీరువా పై అరలో ఎందుకు పెట్టాలో, అన్నీ. ఆమెది పలాస. సముద్రం పక్కన ఎప్పుడూ ఉద్యోగం చెయ్యలేదు. "అక్కా, నువ్వు లేకపోతే నేనేమైపోదును" అనేది. ఆ ఊళ్లో పద్నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, ఆ మాట వినడానికి నాకు బాగానే ఉండేది.

మూణ్ణెల్లకి ఆ మాట అనడం మానేసింది. అవసరం తీరిపోయింది మరి.

ఆమెకి నాలుగు, ఐదు తరగతులు. నాకు మూడో తరగతి. మా గదుల మధ్య ఉన్నది సగం గోడే కాబట్టి అక్కడి నవ్వులన్నీ నాకు వినపడేవి. వానాకాలంలో వరండా చివర కొబ్బరిచిప్పలు పెట్టించి, ఏ రోజు ఎంత వాన పడిందో పుల్లతో కొలిపించింది. చలికాలంలో పిల్లల్ని ఒడ్డుకి తీసుకెళ్లి, గుడ్లు పెట్టి వెళ్లిన తాబేళ్ల జాడలు గీయించింది. ఒంటిపూట బడులప్పుడు జీడిమామిడి ఆకులకి రంగు పూసి అచ్చులు వేయించింది. నా పిల్లలు ఎక్కాలు చదువుతూనే ఆ గోడ మీదుగా మెడలు సాచేవాళ్లు. "ఇటు చూడండర్రా" అని ఎన్నిసార్లు అరిచానో లెక్కలేదు. నేనూ ఒకసారి కొబ్బరిచిప్ప పెట్టించాను. ఆ వారమంతా చినుకు పడలేదు.

తనిఖీకి వచ్చిన అధికారి ఆమె గదిలో అరగంట ఉన్నాడు. నా గది గుమ్మంలోనే ఆగి, హాజరు ఎంతమందని అడిగి వెళ్లిపోయాడు. అదీ మింగాను. మింగుడు పడనిది వేరే ఉంది. ఆ ఊళ్లో "మా టీచరమ్మ" అంటే నేనే. ఇంట్లో ఏ శుభకార్యం తలపెట్టినా ముందు నాకు చెప్పేవారు. అలాంటిది, ఆ వేసవిలో ఒక తల్లి ఎండుచేపల పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది కొత్త టీచరమ్మకి ఇచ్చీమ్మా" అంది. కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. పొట్లం ఇచ్చాను గానీ ఒక రోజు ఆలస్యంగా ఇచ్చాను.

మా వైపు వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రం మీదకి వెళ్లే రోజులూ, బడి తెరిచే రోజులూ ఒక్కసారే వస్తాయి. ఆ జూన్‌లో ఆమె ఒక పెద్ద చార్టు పట్టుకుని నా దగ్గరకి వచ్చింది. లెక్కల్లో అంచనా పాఠం కోసమట. పైన "మా నాన్న రేపు ఎన్ని బుట్టల చేప తెస్తాడు?" అని రాసింది. కింద వరసగా పిల్లల పేర్లు. ఎన్ని బుట్టలనుకుంటే అన్ని కాగితం చేపలు అంటిస్తారు, మర్నాడు అసలు లెక్కతో పోల్చుకుంటారు.

"బాగుందా అక్కా? ఊళ్లోవాళ్లు ఏమీ అనుకోరు కదా?"

నాకు తెలుసు. వేటకి వెళ్లేవాళ్లని ఎన్ని తెస్తావని ఆ ఊళ్లో ఎవరూ అడగరు. ముందే లెక్క ఎంచితే వల ఖాళీగా వస్తుందని వాళ్ల నమ్మకం. నేను చేరిన రెండో ఏడు ఒక పిల్లాణ్ణి మాటవరసకి అలాగే అడిగితే, వాడి నాయనమ్మ వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పింది. నేను చేసిన తప్పే ఈమె చెయ్యబోతోంది. ఆపడానికి ఒక్క మాట చాలు.

"చాలా బాగుంది. ఏమనుకుంటారు?" అన్నాను.

మర్నాడు వెళ్లిన పడవల్లో ఒకదాని ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. మిగతావాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ వల చిరిగింది, చేప లేదు. ఆ పడవలో వెళ్లినతని కూతురు ముందురోజు చార్టు మీద పన్నెండు కాగితం చేపలు అంటించింది. ఆ సంగతి ఇంట్లో తనే చెప్పుకుంది.

ఆ మరుసటి పొద్దున ప్రార్థన కాకముందే తల్లులంతా వచ్చేశారు. అందరికంటే ముందు, అప్పట్లో నన్ను పక్కకి పిలిచి చెప్పిన ఆ నాయనమ్మ.

"ఏటి టీచరమ్మా, ఏటకెల్లకముందే సేపలెంచడమేటి? మా మగోల్లు ఒడ్డుకి రావాలా వొద్దా?"

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. నేను నా గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. దాచడం దేనికి, నాకు సంతోషంగానే ఉంది. కాస్త ఏడిస్తే ఇంకా బాగుండునని కూడా అనుకున్నాను.

ఏడవలేదు. చార్టు గోడ మీంచి తీసేసి, చేతులు జోడించి, "తెలీక చేశాను. ఎలా చెయ్యాలో మీరే చెప్పండి" అంది. పది నిమిషాల్లో ఆ ఆడవాళ్లు మెత్తబడ్డారు. చేప ఒడ్డున పడ్డాక లెక్కపెట్టుకోవచ్చట. పిల్లల్ని అక్కడికే తీసుకురమ్మన్నారు. "మేమే దగ్గరుండి సూపిత్తాం" అని ఒకావిడ మాట కూడా ఇచ్చేసింది. తప్పు చేసినా గెలుపు ఆమెదే. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు నాయనమ్మ నా వైపు తిరిగింది.

"ఈ గుంటంటే కొత్తగా వచ్చినాది. నీకు తెల్సు గదా టీచరమ్మా. అప్పుడు నేనే సెప్పినాను. నువ్వు దీనికి సెప్పనేదేటి?"

అందరూ నన్నే చూస్తున్నారు. పద్నాలుగేళ్ల నా మంచిపేరు ఆ ఒక్క జవాబు మీద ఉంది. ఆ అమ్మాయి కూడా నన్ను చూసింది. తను అడిగినదీ, నేను చెప్పినదీ, ఎందుకు చెప్పానో, అంతా ఆమెకి అప్పుడే అర్థమైపోయింది. నాకది తెలుస్తూనే ఉంది.

"అక్క చెప్పింది మామ్మా. వద్దనే అంది. నేనే వినలేదు" అంది.

"అదీ! మా టీచరమ్మ సెప్పకుండా ఉంటాదేటి" అని ముసలామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పెద్దదాని మాట వినొద్దా అని తల్లులు ఆ అమ్మాయికి మళ్లీ నాలుగు చీవాట్లు పెట్టారు. ఆమె తల వంచుకుని అన్నీ పడింది. నేను అవునన్నట్టు తల ఊపాను.

ఆ తర్వాత ఆమె ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆకుల అచ్చులూ, వాన కొలతలూ ఇప్పుడు నేనూ చేయిస్తున్నాను, అవి నేర్చుకుంటే వచ్చేవే. నాకు అలాంటి పని చేసినవాళ్లని కాపాడ్డానికి, అంతమంది ఎదుట, ఆలోచించుకునే వ్యవధి లేకుండా ఆ మాట నేను అనగలనా అని ఎన్నోసార్లు అనుకున్నాను. అనలేను. ఆమె మీద నా కుళ్లంతా ఇప్పుడు ఆ ఒక్క మాట దగ్గరే ఉంది.