రౌటరుకు ఆయుధపూజ

మా ఆవిడ చేతికందబోతున్న ఉద్యోగాన్ని పూజ చేసి మరీ పోగొట్టబోయిన మొగుణ్ణి నేనే. ఆ ఘోరం ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలకు మాత్రం చెప్పకండి.

నాలుగేళ్ల కిందటి దసరా. మాకు పెళ్లయి అప్పటికి ఏడాది. నర్సీపట్నంలో మా అద్దె ఇంట్లో ఆయుధపూజ పూర్తిగా నా శాఖ. బైకు, మిక్సీ, ఇస్త్రీపెట్టె, అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టాక గోడకున్న రౌటరు కనిపించింది. మర్నాడు మూడింటికి మా ఆవిడ సుజాతకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. ఇంట్లో కూర్చునే చేసుకునే కస్టమర్ కేర్ ఉద్యోగం. ఏడాదిగా ఎదురుచూస్తోంది. అలాంటప్పుడు రౌటరుకు పూజ తప్పితే ఎలా? భక్తి పొంగుకొచ్చింది. దాని లైట్లన్నిటి మీదా వరసగా బొట్లు పెట్టాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఫైబర్ వైరు పీకి, దాని కొనకు తడి పసుపు రాసి, కుంకుమ అద్ది, మళ్లీ భద్రంగా గుచ్చాను.

మర్నాడు పదకొండింటికి చూస్తే నెట్ లేదు. మా ఇంటికి ఫోన్ సిగ్నలు మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన తప్ప రాదు. అదీ మాటలకే సరిపోతుంది. పైకెక్కి నెట్ కంపెనీకి ఫోన్ చేశాను. ఒకే పాట అయిదుసార్లు విన్నాక ఒకమ్మాయి పలికింది.

“సార్, రౌటర్ మీద ఏ రంగు లైటు వెలుగుతోంది?”

కిందికి పరిగెత్తాను. చూశాను. పైకి పరిగెత్తాను. “ఎరుపండీ.”

“మొదటి లైటా సార్, మూడోదా?”

మళ్లీ కిందికి, మళ్లీ పైకి. “అన్నీనండీ!”

“అన్నీ ఎర్రగా వెలగవు సార్. అందులో ఎర్ర లైటు ఒకటే ఉంటుంది.”

“అంటే నాకు రంగులు తెలీవంటారా?” అని ట్యాంకు మీది కాకులు లేచిపోయేలా అరిచాను. నా చేత్తో పెట్టిన బొట్లు నాకే గుర్తు రాలేదంటే నమ్ముతారా? మా ఆవిడా నమ్మలేదు.

“ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్.”

నాలుగుసార్లు చేశాను. రౌటరు ఉలకలేదు, పలకలేదు. ఆఖరికి ఆ అమ్మాయే మనిషిని పంపుతానంది.

రెండున్నరకు సుజాత ఇంటర్వ్యూ చీర కట్టుకుని మెట్ల దగ్గరకొచ్చింది. “ఏటంటన్నారండీ?”

“తప్పంతా ఆ కంపెనీదే.”

“ఎవులిదైతే ఏటి? టైమైపోతంది. బేగి రమ్మనండి!” కళ్లనిండా నీళ్లు. అప్పుడు మాత్రం నాకు నిజంగా భయమేసింది.

రెండూ నలభైకి నాతవరం వైపునుంచి ఆ కంపెనీ లైన్‌మన్ వచ్చాడు. రౌటరును చూసి ఆగిపోయాడు.

“ఏటి మాస్టారూ, దీనికి బొట్లెట్టేసేరా?”

“దసరా కదయ్యా...”

అతను వైరు పీకి కొన చూశాడు. తర్వాత నన్ను చూశాడు. “ఇందులోంచి వెలుగు రావాలి మాస్టారూ. మీరు పసుపు పూసి మూసేసేరు. ఎలక కొరికింది సూసేను, కోతి తెంపింది సూసేను. పూజ సేసి సంపేసింది ఇదే మొదులు!”

సుజాత నావైపు ఒక్క చూపు చూసి, గోడ గడియారం కేసి తిరిగింది. తిట్టినా బాగుండేది.

అతను పాడైన కొన కోసేసి కొత్తది బిగించాడు. బొట్లు తుడిచాడు. రెండూ యాభై ఆరుకు పచ్చ లైటు వెలిగింది. అమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది. లైన్‌మన్ వద్దు వద్దంటున్నా రెండు చేతులూ పట్టుకుని దండం పెట్టాను.

తలుపు వెనక నిలబడి ఇంటర్వ్యూ విన్నాను. అవతల ఎవరో పెద్దాయన అడుగుతున్నారు. “తప్పు తనదే అయినా మన మీద అరిచే కస్టమర్‌తో ఎలా మాట్లాడతారమ్మా?”

సుజాత కుర్చీ తలుపు వైపు జరిగిన చప్పుడైంది.

“ఆయన తలుపు వెనకే ఉన్నారండీ. పిలవమంటారా?”

కథంతా చెప్పింది. అవతలివాళ్లంతా పగలబడి నవ్వారు. ఉద్యోగం వచ్చేసింది. ఆ సాయంత్రమే దేవుడి ముందు నిలబడి ప్రతిజ్ఞ చేశాను: వైరున్న ఏ వస్తువుకైనా ఇక మీదట నా పూజ ఆరడుగుల దూరం నుంచే, చేతులు వెనక్కి కట్టుకుని.